నైట్ హాల్ట్ బస్సు: శామీర్‌పేట దారిలో ఊరు, శివారు

శ్యామాచరణ్ దూబే 1955లో ప్రచురించిన ‘ఇండియన్ విలేజ్’ పుస్తకంలోని గ్రామం మన శామీర్‌పేట. ఉస్మానియా విశ్వవిద్యాలయం నుంచి ఒక బృందం 1951-52లో అక్కడికి వెళ్ళి కులాలు, కుటుంబాలు, పండుగలు, పంటలు, తగాదాలు అన్నీ పరిశీలించింది. భారతీయ గ్రామం ఎట్లా ఉంటుందో చదువుకున్న లోకానికి తొలినాళ్ళలో చెప్పిన పుస్తకాల్లో అదొకటి. ఇప్పుడు ఆ ఊరి పక్కనుంచే 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు పోతున్నది. చుట్టూ న్యాయ విశ్వవిద్యాలయం, జీనోమ్ వ్యాలీ కంపెనీలు, విల్లాల గేట్లు. పల్లె ప్రశాంతత అని ఫ్లెక్సీ కట్టి ప్లాట్లు అమ్మేదీ ఇక్కడే. రోజూ నగరానికి పోయివచ్చే శివారులో ఇల్లు చూసుకోవాలా, ఇంకాస్త లోపలికి పోయి అసలైన ఊళ్ళో ఉండాలా అన్న ప్రశ్నను పరిశీలించడానికి ఇంతకంటే తగిన చోటు నాకు కనబడలేదు. డెబ్బై ఏళ్ళలో ఆ రెండు అవతారాలూ ఎత్తిన నేల ఇది.

ఈ ఎంపిక గురించి మాట్లాడేటప్పుడు గాలి, నీళ్ళు, అద్దె, బడి, ఆసుపత్రి అని ఒక పట్టిక వేసుకోవడం అలవాటు. ఆ పట్టిక అబద్ధం కాదు గాని, అసలు తేడాను అది పట్టుకోలేదు. తోటివారితో కలిసి బతకడానికి చెల్లించవలసిన బాకీని శివారులో డబ్బుతో తీరుస్తాం, ఊళ్ళో హాజరుతో తీరుస్తాం. నా వాదన ఇంతే.

కాలనీలో నీళ్ళు రాకపోతే ట్యాంకర్ వస్తుంది, చెత్త పేరుకుంటే మనిషి వస్తాడు, లిఫ్టు ఆగితే మెకానిక్ వస్తాడు. చదరపు అడుగుకు ఇంత అని నెలనెలా మెయింటెనెన్స్ కట్టినవాడు ఏడాదంతా ఎవరి ముఖమూ చూడకపోయినా మంచి పొరుగువాడే. చెరువు కింది ఊళ్ళో పద్ధతి వేరు. తూము ఎత్తి ఏ మడికి ఎంతసేపు నీళ్ళు పారాలో చూసేవాడు నీరటి. అతనికి, కమ్మరికి, వడ్రంగికి, చాకలికి, మంగలికి కల్లం దగ్గర ధాన్యం కొలిచేవారు. కొలిచేవాడూ కొలిపించుకునేవాడూ ఇద్దరూ ఆ రోజు అక్కడ ఉండాలి.

దీన్ని తలచుకుని మురిసిపోయేవారు ఒకటి మరిచిపోతారు. తెలంగాణలో ఆ హాజరు చాలామందికి వెట్టి. ఎవరు రావాలో, ఎవరు రప్పించుకోవాలో కులం తేల్చింది. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో అంబేద్కర్ గ్రామాన్ని కటువుగా తిట్టింది ఊరికే కాదు. ఇప్పటికీ ఊళ్ళో ఇల్లు అద్దెకు అడిగితే రెండో మాటగానో మూడో మాటగానో ‘మీరేమిట్లు?’ అన్న ప్రశ్న వస్తుంది. శివారు అపార్టుమెంటులో అదే ప్రశ్న ‘వెజ్జా, నాన్‌వెజ్జా?’ అని మర్యాదగా వస్తుంది. ఈ ఒక్క విషయంలో శివారుకు నేను పెద్దగా మార్కులు వేయను.

ఆయం అనే ఆ ధాన్యపు వాటా పోయింది, కల్లం కొలతలు పోయాయి. హాజరు మాత్రం పోలేదు. వాడకట్టులో చావు జరిగితే పాడె కట్టడానికి వెదురు తేవాలి, బంధువులు దిగేలోపు టెంటు పడాలి, వచ్చినవారికి చాయ్ అందాలి. ఇవన్నీ పగలు జరిగే పనులు. బోనాల ముందు ఇంటికింత అని చందా రాసేటప్పుడు ఊళ్ళో ఉన్నవాడి మాటే చెల్లుతుంది. పొద్దున ఏడింటికి పోయి రాత్రి తొమ్మిదింటికి వచ్చేవాడు ఎంత పెద్ద చందా ఇచ్చినా ‘పట్నం సారే’. ఊరు పగటిపూటది. రాత్రి నిద్రకు మాత్రమే వచ్చేవాడు వేపచెట్టు కింద మంచం వేసుకున్నా శివారులో ఉన్నట్టే లెక్క.

మన ఆర్టీసీలో దీనికి సరిపోయే మాట ఒకటి ఉంది, నైట్ హాల్ట్. రాత్రి ఆఖరి ట్రిప్పుకు బస్సు ఊరు చేరుతుంది. డ్రైవరూ కండక్టరూ అక్కడే పడుకుంటారు. తెల్లవారుజామున కూరగాయల గంపలు, పాలక్యాన్లు, కాలేజీ పిల్లలను ఎక్కించుకుని అదే బస్సు పట్నం బయలుదేరుతుంది. పదేళ్ళు ఆ ఊళ్ళో పడుకున్నా అది డిపో బస్సే. ఉద్యోగం నగరంలో పెట్టుకుని పల్లెలో ఇల్లు కట్టుకున్నవారిని చూసినప్పుడల్లా నాకు ఆ బస్సే గుర్తొస్తుంది. వారిని ఎగతాళి చేయడం లేదు. నేనూ కొన్నాళ్ళు అట్లా ఉన్నవాణ్ణే. మూడిళ్ళ అవతల పెద్దమనిషి పోయిన సంగతి నాకు దినాల నాడు గాని తెలియలేదు.

ఈ రాకపోకలకూ ఒక లెక్క ఉంది. మనుషులు రోజుకు ప్రయాణానికి పెట్టే సమయం ఇంచుమించు ఒక గంట దగ్గరే నిలుస్తుందని, రోడ్డు బాగుపడితే మిగిలిన సమయంలో ఇంకా దూరం పోతారని చెజారే మార్కెట్టి అనే పరిశోధకుడు 1994లో వాదించాడు. ఔటర్ పడ్డాక జరిగింది అదే. హైదరాబాదులో ఆ గంట రెండవుతుంది, వానపడితే లెక్కే ఉండదు.

ఇంటిల్లిపాదీ కలిసి చేసే ఎంపిక కదా ఇది, పగలు ఎవరికి మిగులుతుంది? ఎక్కువగా ఇంటి ఆడవారికి. భర్త కారులో పోయాక కాలనీలో ఉండిపోయే ఆమెకు గేటు బయట నడిచేందుకు చోటు కూడా ఉండదు, హైవే ఉంటుంది. ఊళ్ళో ఉండిపోయే కోడలికి పలకరించేవారు ఉంటారు, కనిపెట్టి చూసే కళ్ళు అంతకు రెండింతలుంటాయి. 2023 డిసెంబరు 9న తెలంగాణలో మహాలక్ష్మి పథకం మొదలయ్యాక ఈ లెక్క కొంత మారింది. పల్లెవెలుగు బస్సులోనూ ఎక్స్‌ప్రెస్‌లోనూ ఆమెది జీరో టికెట్. కూలికైనా, షాపులో కొలువుకైనా, డిగ్రీ కాలేజీకైనా పోయివచ్చే ఖర్చు పోయింది. అంటే ఊరి పగటిని ఇన్నాళ్ళూ నిలబెట్టినవారికి కూడా బయటికి దారి దొరికింది. ఇది మంచిదే. అయితే, చావింట్లో చాయ్ పెట్టేదెవరన్నది ఇక కొత్తగా తేలాలి.

ప్రభుత్వ లెక్కకు ఈ ఆడవారు కనబడరు. 2011 జనగణన ప్రకారం ఒక ఊరు పట్టణంగా లెక్కకు రావాలంటే 5,000 జనాభా, చదరపు కిలోమీటరుకు 400 మంది సాంద్రత ఉండాలి, ప్రధానంగా పనిచేసే మగవారిలో కనీసం 75 శాతం వ్యవసాయేతర పనుల్లో ఉండాలి. మగవారిలో అన్న మాట గమనించండి. ఇంటి మగవాళ్ళు కంపెనీలో చేరితే, ఆడవాళ్ళు ఇంకా నాటువేస్తున్నా, ఊరు పట్టణమైపోవచ్చు. దేశంలో ఇట్లాంటి జనగణన పట్టణాలు 2001లో 1,362 ఉండగా 2011 నాటికి 3,894 అయ్యాయి. ఆ పేరు పడినంత మాత్రాన పంచాయతీ పోదు. కాని మున్సిపాలిటీలో కలిపారా, ఉపాధి హామీ పని పోతుంది, ఇంటిపన్ను లెక్క మారుతుంది. పల్లె అనుకుని కొనుక్కున్నవారు ముందు అడగవలసింది గాలి గురించి కాదు, పంచాయతీ ఎన్నాళ్ళుంటుందని.

ఊరు శివారు అయ్యే ఘడియను పట్టుకోవాలంటే కొలతల మాట వినాలి. రైతు గుంటల్లో చెబుతాడు, నలభై గుంటలు ఎకరం. వెంచర్ వేసినవాడు గజాల్లో చెబుతాడు. గుంటకు 121 గజాలు, ఎకరానికి 4,840. మధ్యలో రోడ్లకూ పార్కుకూ కొంత పోతుంది. ఒకే ఇంట్లో తండ్రి ‘మనకు పన్నెండు గుంటలున్నది’ అంటే కొడుకు ‘వెయ్యి గజాలు దాటుతుంది నాయినా’ అని సరిదిద్దడం విన్నాను. కొడుకు లెక్క తప్పు కాదు. 1,452 వస్తుంది.

శామీర్‌పేట దారిలోనే ఒక లేఅవుట్‌కు కాపలా ఉన్న ముసలాయన ఒకప్పుడు అందులో కొంత దున్నినవాడు. ప్లాటు నంబరు చెప్పి దారి అడిగితే ఆయనకు తెలియదు. కాగితం తిప్పి తిప్పి చూసి, ‘మోటబాయి చెలకలనా, కట్ట కిందనా?’ అని తిరిగి అడిగాడు. నా దగ్గర ఉన్నది నంబరే.