పాత హాట్ హ్యాచ్‌బ్యాక్ అమ్మకం: సూరత్‌లో తాళంచెవి చేతులు మారినా, రికార్డులో పేరు మారకపోతే బాధ్యత ఎవరిది?

కారు అమ్మినవారు సొమ్ము బ్యాంకు ఖాతాలో జమ కాగానే, తాళంచెవులు, ఆర్సీ కొన్నవారి చేతిలో పెట్టి, వ్యవహారం అంతటితో ముగిసిందని భావిస్తారు. చట్టం దృష్టిలో అది సగమే. రవాణా శాఖ రికార్డులో కొత్త యజమాని పేరు నమోదయ్యే వరకు ఆ వాహనం అమ్మినవారిదే. ఈలోగా అది ప్రమాదానికి కారణమైతే నష్టపరిహారం నోటీసు వచ్చేది కూడా వారి చిరునామాకే.

వజ్రాల సానకు, జౌళి వ్యాపారానికి పేరుపొందిన గుజరాత్ నగరం సూరత్‌లో ఈ విషయం తెలుగు కుటుంబాలకూ దగ్గరిదే. మరమగ్గాల పని కోసం తెలంగాణ జిల్లాల నుంచి తరలివచ్చిన నేత కుటుంబాలు లింబాయత్, ఉధ్నా వంటి ప్రాంతాలలో తరతరాలుగా నివసిస్తున్నాయి. సొంతవూరికి రాకపోకలు సాగించే ఈ కుటుంబాలలో కారును బంధువులకో, స్వస్థలంలోని పరిచయస్తులకో అమ్మే సందర్భాలు తలెత్తుతాయి. నమ్మకం మీద జరిగే ఇటువంటి అమ్మకాలలోనే కాగితాల పని వెనకబడే అవకాశం ఎక్కువ.

హాట్ హ్యాచ్‌బ్యాక్ అంటే ఏమిటి?

చూడటానికి మామూలు చిన్న కారులాగే ఉండి, శక్తిమంతమైన ఇంజను, బిగువైన సస్పెన్షన్, మెరుగైన బ్రేకులు కలిగిన కారును హాట్ హ్యాచ్‌బ్యాక్ అంటారు. 1975లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో తొలిసారి కనిపించి, మరుసటి ఏడాది విక్రయానికి వచ్చిన ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ ఈ తరగతికి ప్రపంచవ్యాప్తంగా గుర్తింపు తెచ్చింది.

భారతదేశంలో ఈ తరగతి రూపాన్ని పన్ను విధానం చాలావరకు నిర్ణయించింది. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీకి మించని పెట్రోలు ఇంజను ఉన్న కార్లకు తక్కువ పన్ను వర్తించడంతో, తయారీ సంస్థలు చిన్న ఇంజనుకు టర్బో జోడించే మార్గాన్ని ఎంచుకున్నాయి. 2013లో వచ్చిన పోలో జీటీ టీఎస్‌ఐ, 2017లో వచ్చిన బలేనో ఆర్‌ఎస్, 2018లో వచ్చిన టియాగో జేటీపీ, 2021లో వచ్చిన ఐ20 ఎన్ లైన్ ఈ కోవకు చెందినవి. 2015లో వచ్చిన 1.4 లీటర్ల అబార్త్ పుంటో, 2016లో దిగుమతి చేసి అమ్మిన మూడు తలుపుల పోలో జీటీఐ ఈ హద్దు దాటిన అరుదైన ఉదాహరణలు.

వీటిలో చాలావరకు ఇప్పుడు కొత్తగా దొరకవు. పోలో ఉత్పత్తి 2022లో భారత్‌లో నిలిచిపోయింది. ఫియట్ అంతకుముందే కార్ల విక్రయం ఆపివేసింది. అందువల్ల చక్కగా చూసుకున్న పాత కారుకు అభిమానులలో గిరాకీ ఉంటుంది. అయితే విడిభాగాల లభ్యతపై కొనేవారికి సందేహాలూ అంతే బలంగా ఉంటాయి.

ధర ఎలా నిర్ణయించుకోవాలి?

బీమా పత్రంలో కనిపించే ‘ఐడీవీ’ని అమ్మకపు ధరగా పొరబడటం సాధారణం. అది బీమా సంస్థ చెల్లించే గరిష్ఠ మొత్తాన్ని నిర్ణయించే లెక్క మాత్రమే. ప్రామాణిక పట్టిక ప్రకారం కారు వయసు ఏడాది దాటి రెండేళ్ల లోపు ఉంటే 20 శాతం, నాలుగేళ్లు దాటి ఐదేళ్ల లోపు ఉంటే 50 శాతం తరుగుదల తీస్తారు. ఐదేళ్లు దాటిన కారుకు ఈ విలువ బీమా సంస్థకూ, యజమానికీ మధ్య ఒప్పందంతో తేలుతుంది. కారు ఎంత శ్రద్ధగా నడిచిందన్నది ఆ లెక్కలో కనిపించదు.

మార్కెట్ ధరను నిర్ణయించేవి వేరు: తయారైన సంవత్సరం, తిరిగిన కిలోమీటర్లు, ఎంతమంది యజమానులు మారారు, సర్వీసు చరిత్ర, ప్రమాద మరమ్మతులు, టైర్ల వయసు. టైరు పక్కగోడపై ఉండే నాలుగంకెల సంఖ్య దాని తయారీ వారాన్ని, సంవత్సరాన్ని తెలుపుతుంది. ‘2322’ అని ఉంటే అది 2022వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం.

టర్బో కారు విషయంలో సర్వీసు బిల్లులకు అదనపు విలువ ఉంది. టర్బోచార్జర్ అత్యధిక వేడిలో, అత్యధిక వేగంతో తిరుగుతుంది. దాని బేరింగులకు ఆధారం ఇంజను ఆయిలే. తయారీదారు సూచించిన గ్రేడు ఆయిల్‌ను సమయానికి మార్చినట్లు చూపే బిల్లు, ‘బాగా చూసుకున్న కారు’ అనే మాటకు సాక్ష్యంగా నిలుస్తుంది. రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేరుబాక్సు ఉన్న కారైతే దానికి జరిగిన మరమ్మతుల కాగితాలను కొనేవారు ప్రత్యేకంగా అడుగుతారు. వాటిని ముందే వరుసగా పెట్టి చూపడం బేరంలో విక్రేతకు బలం.

సూరత్‌లో తొలి సందేహం నీరు

2006 ఆగస్టులో ఉకాయ్ జలాశయం నుంచి విడుదలైన వరదతో తాపీ నది పొంగి సూరత్ నగరంలో అధిక భాగాన్ని ముంచెత్తింది. ఆ జ్ఞాపకం నగరాన్ని వీడలేదు. నగరం గుండా పారే ‘ఖాడీ’లు అనే వాగులు భారీ వర్షాలకు పొంగినప్పుడు లోతట్టు ప్రాంతాలలో నేటికీ నీరు నిలుస్తుంది. అందువల్ల ఇక్కడ అనుభవజ్ఞులైన కొనుగోలుదారులు రంగు, మెరుపుల కన్నా ముందు నీటి ఆనవాళ్లను వెదుకుతారు.

సీటు బెల్టును చివరి వరకు లాగితే లోపల బురద మరక ఉందేమో తెలుస్తుంది. తివాచీ కింద తేమ, సీట్ల కింది ఇనుప పట్టాలపై తుప్పు, స్పేరు టైరు గుంతలో మట్టి పొర వరద నీటికి గుర్తులు. అరేబియా సముద్రపు ఉప్పుగాలి వీచే దుమస్, హజీరా వైపు ఎక్కువగా నిలిపిన కార్లకు అడుగుభాగం తుప్పు కూడా చూస్తారు. కారు ఎన్నడైనా నీటిలో చిక్కుకుని ఉంటే, చేయించిన మరమ్మతుల వివరాలతో సహా ఆ సంగతి ముందే చెప్పడం మేలు. భారత కాంట్రాక్టు చట్టం, 1872 ప్రకారం తెలిసిన వాస్తవాన్ని ఉద్దేశపూర్వకంగా కప్పిపుచ్చడం మోసం కిందికి వస్తుంది. మోసపోయిన పక్షం ఆ ఒప్పందాన్ని రద్దు చేయించుకోవచ్చు.

మార్పులు చేసిన కారైతే

ఇంజను కంప్యూటరును తిరగరాసి శక్తి పెంచుకోవడం, శబ్దం ఎక్కువ చేసే సైలెన్సర్ బిగించడం ఈ తరగతి కార్ల యజమానులలో కొందరికి ఇష్టం. మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 52 ప్రకారం, తయారీదారు మొదట పేర్కొన్న వివరాలకు భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు సైతం ఈ నియమాన్ని స్పష్టం చేసింది. అమ్మే ముందు కారును అసలు స్థితికి తేవడం, తీసివేసిన అసలు భాగాలు ఉంటే అప్పగించడం, చేసిన మార్పులను రాతపూర్వకంగా తెలపడం ఇరువర్గాలకూ రక్షణ.

పేరు మార్పిడి: ఎవరు, ఎన్ని రోజుల్లో?

చట్టంలోని సెక్షన్ 50 ఇద్దరిపైనా బాధ్యత పెట్టింది. ఒకే రాష్ట్రంలో అమ్మకం జరిగితే, అమ్మినవారు 14 రోజులలోగా రిజిస్ట్రేషన్ అధికారికి తెలియజేయాలి. కొన్నవారు 30 రోజులలోగా తమ పేరు నమోదుకు దరఖాస్తు చేయాలి. అమ్మకాన్ని తెలిపే పత్రం ఫారం 29, యాజమాన్య బదిలీ దరఖాస్తు ఫారం 30. కారుపై రుణం తీరిపోయి ఉంటే, ఆర్సీలోని బ్యాంకు పేరు తొలగింపునకు ఫారం 35తో పాటు బ్యాంకు ఇచ్చే నిరభ్యంతర పత్రం అవసరం. కాలుష్య ధ్రువపత్రం, బీమా అమలులో ఉండాలి. బకాయి చలానాలు ముందే చెల్లించాలి. కేంద్ర రవాణా శాఖ ‘పరివాహన్’ పోర్టల్‌లో ఆధార్ ధ్రువీకరణతో అందే సేవలలో యాజమాన్య బదిలీ కూడా ఉంది.

ప్రమాదకరమైన అలవాటు ఒకటుంది. కొన్నవారి పేరు, తేదీ లేని ఖాళీ ఫారాలపై సంతకం చేసి మధ్యవర్తికి ఇవ్వడం. ఆ కారు ఒకరి నుంచి మరొకరికి ఎన్ని చేతులు మారినా, రికార్డులో మొదటి పేరే మిగిలిపోతుంది.

దాని పర్యవసానం ఏమిటో సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరి 6న ‘నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్’ కేసులో తేల్చింది. 2009లో ఒక కారు ప్రమాదానికి కారణమైంది. అప్పటికే ఆ కారు వరుసగా పలువురి చేతులు మారింది. రిజిస్ట్రేషన్ మాత్రం మొదటి యజమాని పేరిటే ఉంది. చట్టంలోని సెక్షన్ 2(30) ప్రకారం ఎవరి పేరిట వాహనం నమోదై ఉంటుందో వారే యజమాని అని, పరిహారం బాధ్యత వారిదేనని న్యాయస్థానం పేర్కొంది. వాహనం ఎవరెవరి చేతుల్లోకి వెళ్లిందో వెదుక్కుంటూ తిరిగే భారాన్ని బాధితులపై మోపడం చట్టం ఉద్దేశం కాదన్నది ఆ తీర్పులోని తర్కం. కారు ఎప్పుడో అమ్మేశామన్న వాదన బాధితుల ముందు నిలవదు.

డీలరుకు అమ్మితే

పాత కార్ల డీలరు పేరు ఆర్సీలో ఉండదు. ఈ ఖాళీని పూరించేందుకు కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరులో నిబంధనలు ప్రకటించింది. 2023 ఏప్రిల్ 1 నుంచి అవి అమలులోకి వచ్చాయి. వీటి ప్రకారం డీలరు రవాణా శాఖ నుంచి అధికార ధ్రువపత్రం పొందాలి. దాని కాలపరిమితి ఐదేళ్లు. కారు అప్పగించినప్పుడు యజమాని, డీలరు కలిసి ఫారం 29సీ ద్వారా ఆ విషయాన్ని ఆన్‌లైన్‌లో తెలియజేస్తారు. అప్పటి నుంచి తిరిగి అమ్ముడయ్యే వరకు ఆ వాహనానికి డీలరు బాధ్యుడవుతాడు. కాబట్టి డీలరుకు ఆ ధ్రువపత్రం ఉందా అన్నది ధర కన్నా ముందు అడగవలసిన ప్రశ్న.

పాత వాహనాలపై 18 శాతం జీఎస్టీ విధించాలని 2024 డిసెంబరులో జైసల్మేర్‌లో జరిగిన జీఎస్టీ మండలి సమావేశం నిర్ణయించినప్పుడు గందరగోళం నెలకొంది. ఆ పన్ను జీఎస్టీ నమోదు ఉన్న వ్యాపారులకు, అదీ వారి లాభపు తేడాపై మాత్రమే. సొంత కారును అమ్ముకునే సామాన్య వ్యక్తికి అది వర్తించదు.

తెలుగు రాష్ట్రాలకు వెళ్లే కారు

సూరత్‌లో జీజే-05 సంఖ్యతో నమోదైన కారును తెలంగాణలోనో, ఆంధ్రప్రదేశ్‌లోనో నివసించేవారు కొంటే, ముందుగా ఫారం 28తో సూరత్ రవాణా కార్యాలయం నుంచి నిరభ్యంతర పత్రం తీసుకోవాలి. చలానాలు, పన్ను బకాయిలు, రుణం లేవని తేలాకే అది లభిస్తుంది. రాష్ట్రం వెలుపలి అమ్మకంలో అమ్మినవారికి చట్టం ఇచ్చిన గడువు 45 రోజులు. వాహనం మరో రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉండబోతుంటే అక్కడి సంఖ్య తీసుకోవాలి. అక్కడ జీవితకాల పన్ను మళ్లీ చెల్లించవలసి ఉంటుంది. ఆ మొత్తం కారు వయసును, ధరను బట్టి మారుతుంది. బంధువుల మధ్య బేరంలో ఈ ఖర్చును ముందే లెక్కలోకి తీసుకోకపోతే తరువాత మనస్పర్థలకు దారితీస్తుంది.

బీమా, ఫాస్టాగ్, నగదు

చట్టంలోని సెక్షన్ 157 ప్రకారం కారుతో పాటు బీమా ధ్రువపత్రం కొన్నవారికి బదిలీ అయినట్లు భావిస్తారు. కొన్నవారు 14 రోజులలోగా బీమా సంస్థకు దరఖాస్తు చేయాలి. ఈ రక్షణ మూడో పక్షానికి జరిగే నష్టం వరకే. కారుకు జరిగే సొంత నష్టానికి పరిహారం రావాలంటే పాలసీ కొన్నవారి పేరిట మారి ఉండాలని సుప్రీంకోర్టు గతంలోనే స్పష్టం చేసింది.

క్లెయిములు లేనందుకు లభించే రాయితీ, అంటే ‘నో క్లెయిమ్ బోనస్’, కారుకు కాక యజమానికి చెందుతుంది. ఇది 50 శాతం వరకు ఉంటుంది. అమ్మినవారు బీమా సంస్థ నుంచి ధ్రువపత్రం తీసుకుంటే మూడేళ్లలోగా కొత్త కారుకు వాడుకోవచ్చు. ఫాస్టాగ్‌ను బ్యాంకు ద్వారా మూయించకపోతే కొన్నవారి టోలు రుసుము అమ్మినవారి ఖాతా నుంచి పోతుంది.

ఒకే లావాదేవీలో రెండు లక్షల రూపాయలు, అంతకు మించి నగదుగా స్వీకరించడం 2017 ఏప్రిల్ నుంచి నిషిద్ధం. ఉల్లంఘిస్తే అంతే మొత్తం జరిమానా పడవచ్చు. సొమ్మును బ్యాంకు ద్వారా తీసుకుంటే అదే లావాదేవీకి రుజువుగానూ పనికొస్తుంది.

అప్పగింత రోజు

కారు అప్పగించిన తేదీ, సమయం, కిలోమీటర్ల రీడింగు, ఛాసిస్, ఇంజను సంఖ్యలు, చెల్లించిన మొత్తం, ఇరువురి సంతకాలతో ఒక రసీదు రాసుకోవాలి. కొన్నవారి గుర్తింపు పత్రం నకలు దానికి జతచేయాలి. పరీక్షకు నడపనిచ్చే ముందే డ్రైవింగ్ లైసెన్సు చూడాలి. లైసెన్సు లేనివారికి వాహనం ఇస్తే యజమానిపైనా కేసు నమోదవుతుంది.

అయితే ఈ రసీదు, యాజమాన్య బదిలీకి ప్రత్యామ్నాయం కాదు. ‘పరివాహన్’ రికార్డులో కొత్త పేరు కనిపించిందో లేదో కొన్ని వారాల తరువాత స్వయంగా చూసుకోవడంతోనే అమ్మకం నిజంగా పూర్తవుతుంది. ఏళ్ల తరబడి ఆయిల్ మార్చి, టైర్లు చూసి, కారును కంటికి రెప్పలా కాపాడుకున్న యజమాని చేయవలసిన చివరి పని అదే.