గాల్వే భవనములు

ఐర్లండు పశ్చిమతీరమున గాల్వే అను కౌంటీ కలదు. కౌంటీ యనగా మన జిల్లా వంటిది. అచ్చటి భూస్వాముల భవనములను చూడబోవువాని కన్నులను మొదట ఆకర్షించునది నిర్మాణశోభ. కాని ఒక భవనపు చరిత్ర దాని గోడలతో ముగియదు. దానిని పోషించిన భూమిని, ఆ భూమిని దున్నిన కౌలుదార్లను మరచినచో మనకు తెలిసినది సగమే.

గోర్ట్ పట్టణమునకు సమీపమున నున్న కూల్ పార్కు ఇందులకు నిదర్శనము. భారతదేశమున ధనమార్జించి తిరిగివచ్చిన రాబర్ట్ గ్రెగరీ 1768లో ఈ ఎస్టేటును కొని ఇల్లు కట్టించెను. అనంతరము ఆయన ఈస్టిండియా కంపెనీ అధ్యక్షుడు కూడ అయ్యెను. కాబట్టి ఆ ఇంటి పునాదులలో మన దేశపు సొమ్మును కలదు.

ఆయన మునిమనుమడు విలియం గ్రెగరీ. 1845లో బంగాళాదుంప పంట తెగులుచే నాశనమై ఐర్లండున మహాక్షామము ప్రారంభమయ్యెను. 1847లో విలియం బ్రిటిష్ పార్లమెంటున ప్రతిపాదించిన ఒక నిబంధన శాసనమయ్యెను. పావు ఎకరమునకు మించిన భూమి గల కౌలుదారునకు ప్రభుత్వ సహాయము దొరకదు. భూమిని వదలుకొన్ననే కూడు. ఆ నిబంధనకు నేటికిని గ్రెగరీ పేరే నిలిచియున్నది. 1872 నుండి 1877 వరకు ఆయన సింహళమునకు గవర్నరు.

ఇదే కౌంటీలో పోర్టమ్నా పట్టణమున 1852లో ఒక వర్క్‌హౌస్ తెరువబడెను. పని చేయించుకొని పేదలకు తిండి పెట్టు ఇట్టి గృహములలో భార్యాభర్తలను, పిల్లలను వేరుచేసి ఉంచెడివారు. పదునైదేండ్లు గడచినంతనే, 1867లో, కౌంటీ పశ్చిమభాగమున సరస్సు ఒడ్డున మిచెల్ హెన్రీ అను ధనవంతుడు కైల్‌మోర్ కోటను కట్టింప నారంభించెను. క్షామమునుండి బ్రతికి బయటపడినవారి కన్నులయెదుటనే ఆ శిఖరములు లేచినవి.

అయినను కూల్ పార్కు కథ క్షామముతో ముగియలేదు. 1892లో విలియం మరణించిన పిదప ఆయన భార్య ఆగస్టా గ్రెగరీ ఆ ఇంటిని రచయితల నెలవు గావించెను. యేట్స్ కవి అనేక వేసవులు అచ్చట గడపెను. ఆమెయు, యేట్సును నడపిన డబ్లిన్ అబీ నాటకశాలలో 1913లో రవీంద్రుని ‘డాకఘర్’ ఆంగ్లమున ప్రదర్శింపబడెను. భారతదేశపు ధనముతో లేచిన ఇంటివారు భారతదేశపు నాటకమునకు వేదిక కల్పించిరి!

1932లో ఆమె కన్నుమూసెను. 1941లో ఇల్లు కూల్చివేయబడెను. నేడు కూల్ పార్కున మిగిలినవి పునాది అరుగు, రచయితలు తమ పేర్ల మొదటి అక్షరములు చెక్కిన బీచ్ వృక్షము. పోర్టమ్నా వర్క్‌హౌస్ మాత్రము నిలిచియున్నది. గాల్వే చరిత్రను తెలియగోరువారు ఆ వృక్షముకడ ఎంతసేపు నిలుతురో, ఆ వర్క్‌హౌస్ ముంగిట నంతసేపు నిలువవలెను.