పడవల బాటలో సైకిళ్లు

శ్రీశైలం దగ్గర కృష్ణ వెంట సైకిలు తొక్కుదామంటే ఒడ్డే ఉండదు. నల్లమలను నిలువునా కోసుకుంటూ పారే నది అది. పాతాళగంగకు దిగాలంటే వందల మెట్లు, కాదంటే రోప్‌వే. అదే నీరు జలాశయం పైభాగాన పోతిరెడ్డిపాడు గేట్లు దాటి, బనకచర్ల దగ్గర పాయలుగా చీలి, నంద్యాల, ఆళ్లగడ్డ వైపు కాలువల్లో సాగేటప్పుడు మాత్రం పక్కన గట్టు తోడుంటుంది. చదునైన, పొడవాటి గట్టు. నీటి పక్కనే తీరుబడిగా సాగే సైకిలు యాత్రలు యూరప్‌లో పుట్టింది ఇలాంటి గట్ల మీదనే.

ఆ యాత్రల్లో డాన్యూబ్ నదిది పెద్ద పేరు. జర్మనీ సరిహద్దు పట్టణం పాసావ్ నుంచి ఆస్ట్రియా రాజధాని వియన్నా దాకా 300 కిలోమీటర్లకు కాస్త పైగా దారి. అందులో ఒక్క రోజు ప్రయాణం చూద్దాం. పొద్దున మెల్క్ పట్టణంలో గుట్ట మీది పెద్ద మఠం చూసి బయల్దేరుతారు. నదికి ఉత్తరపు ఒడ్డున కొంత దూరం వెళ్తే విల్లెన్‌డార్ఫ్ అనే చిన్న ఊరు. వేల ఏళ్ల నాటి, అరచేతిలో పట్టేంత స్త్రీ శిల్పం 1908లో బయటపడింది అక్కడే. ఆపైన ద్రాక్షతోటలు, ఆప్రికాట్ చెట్లు. మధ్యాహ్నం దాటాక డ్యూర్న్‌స్టైన్ వస్తుంది. క్రూసేడు యుద్ధం నుంచి తిరిగివస్తున్న ఇంగ్లండ్ రాజు రిచర్డ్‌ను 1192లో పట్టుకుని బంధించిన కోట శిథిలాలు ఆ ఊరి పైన ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. సాయంత్రానికి క్రెమ్స్. అంతా కలిపి 40 కిలోమీటర్లు కూడా ఉండదు. ఈ లోయను యునెస్కో 2000లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఈ దారిని సైకిళ్ల కోసం ఎవరూ వేయలేదు. గుర్రాల కోసం వేశారు.

ఆవిరి యంత్రం రాకముందు సరుకుల పడవలు వాలులో ప్రవాహంతో పాటు తేలిపోయేవి. ఎదురెక్కడమే కష్టం. పడవకు మోకులు కట్టి, పదుల కొద్దీ గుర్రాలను ఒడ్డున నడిపించి లాగించేవారు. మోకు అడ్డం పడకూడదు కాబట్టి నీటికీ బాటకూ మధ్య చెట్టు ఉండకూడదు, కంచె ఉండకూడదు. బరువు లాగే గుర్రం ఎత్తులు ఎక్కలేదు కాబట్టి బాట నదిని విడిచి గుట్టలెక్కకూడదు. వరదకు కొట్టుకుపోయిన చోట మళ్లీ కట్టాలి. ఇలా తరాల తరబడి పడవల వాళ్ల అవసరం ఒక చదునైన బాటను కాపాడింది. 1830లో వియన్నా, బుడాపెస్ట్ మధ్య ఆవిరి ఓడ నడిచింది. కొన్ని దశాబ్దాల్లో గుర్రాలకు పని పోయింది. బాట మాత్రం నదిని కనిపెట్టుకుని ఉండే సిబ్బందికి మిగిలింది.

సైకిలు కథ కూడా నది దగ్గరే మొదలవుతుంది. రైన్, నెకర్ నదులు కలిసే మాన్‌హైమ్ నగరంలో కార్ల్ డ్రైస్ 1817 జూన్ 12న రెండు చక్రాల కొయ్య బండి మీద కూర్చుని, కాళ్లతో నేలను తన్నుకుంటూ బయల్దేరాడు. పెడల్ 1860లలో పారిస్‌లో వచ్చింది. నేటి సైకిలు రూపం 1885లో స్టార్లీ తయారుచేసిన రోవర్‌తో కుదిరింది. మరో మూడేళ్లకు డన్‌లప్ గాలి టైరు. సైకిలు మీద దేశాటన చేసేవాళ్ల సంఘం బ్రిటన్‌లో 1878లోనే ఏర్పడింది. అయినా గుర్రాలు వదిలిన డాన్యూబ్ బాట సైకిళ్లకు దారిగా తెరుచుకునేసరికి 1980లు మొదలయ్యాయి. ఇప్పుడది అట్లాంటిక్ తీరం నుంచి నల్ల సముద్రం దాకా సాగే యూరోవెలో 6లో భాగం.

రాయలసీమ వైపు చూస్తే, ఇక్కడా పడవల కోసం ఒక దారి వేశారు. కర్నూలు ఎగువన తుంగభద్ర మీద సుంకేసుల ఆనకట్ట నుంచి కడప దాకా వచ్చే కేసీ కెనాల్‌ను మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ 1860లలో తవ్వించింది. వెనక ఉన్నది ఆర్థర్ కాటన్ ఆలోచన. రైళ్ల కన్నా పడవలే చవక అని జీవితాంతం వాదించిన ఇంజనీరు ఆయన. అందుకే ఈ కాలువను సాగునీటికీ పడవలకూ కలిపి రూపొందించారు. దారి పొడవునా లాకులు కట్టారు. లెక్క తప్పింది. వానకే జొన్న, పత్తి పండే నల్లరేగడికి నీరు కొనడానికి రైతులు ముందుకు రాలేదు. పడవల రాకపోకలు కూడా అనుకున్నంత సాగలేదు. చివరికి 1882లో ప్రభుత్వమే కాలువను కొనుక్కుంది. తర్వాతి కాలంలో అది పూర్తిగా సాగునీటి కాలువైంది. ఈరోజు నంద్యాల వరిపొలాలను చూస్తే అప్పటి రైతుల అయిష్టాన్ని ఊహించడం కూడా కష్టమే.

రెండు దారుల కొలతలు పక్కపక్కన పెడితే ఆశ్చర్యం కలుగుతుంది. పాసావ్ నుంచి వియన్నా చేరేలోపు డాన్యూబ్ సుమారు 140 మీటర్లు దిగుతుంది. కేసీ కెనాల్ పొడవు 306 కిలోమీటర్లు. సముద్రమట్టానికి కర్నూలు దాదాపు 270 మీటర్ల ఎత్తున ఉంటే, కడప 140 మీటర్ల దగ్గర ఉంది. దూరం దాదాపు అంతే, వాలూ అంతే. సైకిలు తొక్కేవారికి ఇంతకన్నా కావలసిందేమిటి? డాన్యూబ్ లోయకు ఆప్రికాట్ ఉంటే నంద్యాల జిల్లాకు బనగానపల్లె మామిడి ఉంది. అక్కడ మఠాలున్నట్టే నంద్యాల చుట్టూ నవనందుల గుడులున్నాయి, నల్లమల అంచున మహానంది కోనేరు ఏడాది పొడవునా తేటగా ఉంటుంది.

తేడాలూ తక్కువేం కాదు. కాలువ గట్టు ఇక్కడ నీటిపారుదల శాఖ జీపులకూ రైతుల బండ్లకూ తప్ప యాత్రికుల దారి కాదు. వాన పడితే రేగడి చక్రానికి పట్టుకుని వదలదు. వేసవి ఎండకు మధ్యాహ్నం బయట తిరగలేం. దారి చూపే బోర్డు, నీడకు చెట్టు, ఆగడానికి అరుగు, తాగడానికి నీరు ఉంటేనే బాట యాత్రకు పనికొస్తుంది. వాటికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పలకల నీడలో 23 కిలోమీటర్ల సైకిలు దారిని 2023లో ప్రారంభించారు. నగరానికి దక్కిన ఆ శ్రద్ధలో కొంత కాలువ గట్టుకు దక్కినా చాలు.

మొదలుపెట్టాలంటే నంద్యాల, ఆళ్లగడ్డ మధ్య భాగం అనువైనది. రోడ్డు లెక్కన 40 కిలోమీటర్లకు కాస్త పైన, అంటే మెల్క్ నుంచి క్రెమ్స్‌కు ఉన్నదానికన్నా కాస్త ఎక్కువైనా ఒక రోజు ప్రయాణమే. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఎండ కూడా దయగానే ఉంటుంది. ఆళ్లగడ్డ చేరాక శిల్పుల ఉలి పని చూస్తూ రాత్రికి ఆగిపోవచ్చు. మర్నాడు అహోబిలం ఉండనే ఉంది.