కొమ్ములు కోస్తేనే అడ్మిషన్: ఫ్రెషర్ కష్టాలకు 600 ఏళ్ల చరిత్ర

కౌన్సెలింగ్ అయిపోయి, అలాట్‌మెంట్ ఆర్డర్ ఫోన్‌లో సేవ్ చేసుకుని, హాస్టల్‌కి బకెట్టూ పరుపూ కొనుక్కుంటున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ మనల్ని చూసేవాళ్లలో చాలామందే ఉంటారు. ఇవాళ్టి ఎపిసోడ్ మీ కోసమే. మొన్న ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, ఈ ర్యాగింగ్ అనేది మనోళ్లు సినిమాలు చూసి నేర్చుకున్నారా?" అని. లేదు తమ్ముడూ. సినిమా పుట్టక ముందే, అసలు కరెంటు కూడా లేని రోజుల్లోనే ఇది ఉంది.

జర్మనీలో హైడల్‌బర్గ్ అని ఒక ఊరుంది. అక్కడి యూనివర్సిటీ 1386లో మొదలైంది. 1480ల ప్రాంతంలో అక్కడి విద్యార్థుల కోసం లాటిన్‌లో ఒక చిన్న పుస్తకం అచ్చయింది, పేరు మాన్యువాలే స్కొలేరియం. కొత్తగా వచ్చినవాడు లాటిన్‌లో ఎలా మాట్లాడాలో నేర్పే పుస్తకం అది, మన "30 రోజుల్లో ఇంగ్లీషు" లాంటిదన్నమాట. అందులో ఒక సీన్ ఉంది. కొత్త కుర్రాడు గదిలో ఉంటాడు. ఇద్దరు సీనియర్లు లోపలికొచ్చి ముక్కు మూసుకుంటారు. అబ్బా ఏంటీ కంపు, ఇక్కడేదో జంతువుందే అంటారు. వాడికి కొమ్ములున్నాయనీ, పళ్లు అడవిపంది కోరల్లా ఉన్నాయనీ, గడ్డం మాసిందనీ వెక్కిరిస్తారు. తర్వాత ట్రీట్‌మెంట్ మొదలవుతుంది. రంపంతో ఉత్తుత్తి కొమ్ములు కోస్తారు, పటకారుతో కోరలు పీకినట్టు నటిస్తారు, గడ్డం గీస్తారు, నువ్వు చేసిన పాపాలు ఒప్పుకో అంటారు. చివరికి వాడికి వేసే శిక్ష ఏంటో ఊహించండి. మాస్టర్లకీ సీనియర్లకీ మంచి విందు ఇవ్వాలి!

అంటే పార్టీ. అసలు విషయం అక్కడుంది.

ఆ కొత్తవాడికి ఒక పేరు కూడా ఉంది: బేయానుస్. ఫ్రెంచిలో "పసుపు ముక్కు" అనే మాట నుంచి వచ్చింది. గుడ్డులోంచి అప్పుడే బయటికొచ్చిన పిట్టపిల్లకి ముక్కు పసుప్పచ్చగా ఉంటుంది కదా, అది. మనం "పాలబుగ్గల పిల్లోడు" అన్నట్టే. కానీ ఆ మాటలోని ఒక్కో అక్షరానికీ ఒక్కో లాటిన్ పదం తగిలించి "విద్యార్థుల జీవితం తెలియని జంతువు" అనే అర్థం వచ్చేలా అల్లేశారు. పిట్టపిల్ల కాస్తా జంతువైపోయింది.

ఇంకా వెనక్కెళ్తే పారిస్. 1340లోనే పారిస్ యూనివర్సిటీ ఒక రూల్ పెట్టాల్సి వచ్చింది. పసుపు ముక్కుల దగ్గర బలవంతంగా డబ్బు గుంజొద్దు, వాళ్లంతట వాళ్లు ఇష్టపడి ఇస్తే సరే అని. ఆ "ఇష్టపడి" అనే మాట చూస్తే నాకు నవ్వొస్తుంది. చుట్టూ నలుగురు సీనియర్లు నిలబడి ఉంటే ఎవడు ఇష్టపడడు చెప్పండి?

సరే, రూల్ పనిచేయలేదు. మరి జర్మన్ యూనివర్సిటీలు ఏం చేశాయి? ఆపలేక ఆ తంతునే ఆఫీసు పని చేసేశాయి. దానికి డిపోజిషన్ అని పేరు, నడిపించడానికి ఒక ఉద్యోగి, దానికో ఫీజు. చెక్క రంపం, చెక్క గొడ్డలి, పటకారు, అన్నీ యూనివర్సిటీ సామానే. చాలాచోట్ల ఈ తంతు అయితేనే పేరు రిజిస్టర్‌లోకి ఎక్కేది. విట్టెన్‌బర్గ్‌లో సాక్షాత్తూ మార్టిన్ లూథర్, చర్చిని ఎదిరించి ప్రపంచాన్ని కుదిపేసిన మనిషి, ఈ తంతులో పాల్గొని కుర్రాళ్లకి ఉపదేశం చేశాడు. సారాంశం ఏంటంటే, ముందు ముందు జీవితంలో మిమ్మల్ని చాలామంది సతాయిస్తారు, ఇప్పుడే ఓర్చుకోవడం నేర్చుకోండి అని. ఈ మాట ఎక్కడో విన్నట్టు లేదూ? "బయట ప్రపంచం ఇంతకంటే దారుణంగా ఉంటుందిరా, మేం మిమ్మల్ని రెడీ చేస్తున్నాం" అనే సీనియర్ డైలాగే కదా! అంత పెద్ద మనిషి చెప్పినా నేనైతే ఒప్పుకోను. సతాయించేవాడే నాకు ఓర్పు నేర్పుతున్నా అంటే ఎలా?

17వ శతాబ్దానికి వచ్చేసరికి ఇది ఇంకా ముదిరింది. ముప్పై ఏళ్ల యుద్ధం జరుగుతున్న కాలం, చుట్టూ సైనికులే, కత్తులే. ఒక్క రోజు తంతు కాస్తా దాదాపు ఏడాది వెట్టిచాకిరీ అయింది. దీన్ని పెన్నలిజం అన్నారు. పెన్నల్ అంటే కలాలు పెట్టుకునే డబ్బా. క్లాసుకి బుద్ధిగా డబ్బా పట్టుకొచ్చే జూనియర్‌కి అదే పేరు పెట్టేశారు. వాడి మంచి బట్టలు సీనియర్ తీసుకుని చిరుగులవి వాడికిచ్చేవాడు. బూట్లు తుడవాలి, కబురు మోయాలి, తాగుడుకి డబ్బు కట్టాలి, దెబ్బలూ తినాలి. ఏడాది గడిస్తే? వాడే సీనియర్. కిందికి ఇంకో బ్యాచ్ వస్తుంది. ఇది ఆగకపోవడానికి ఇదొక కారణం: బాధపడినవాడికి వసూలు చేసుకునే వంతు వస్తుంది.

ఇంకో కారణం నాకు మరీ ముఖ్యంగా అనిపిస్తుంది. ఒక యూనివర్సిటీ స్ట్రిక్ట్‌గా ఉండి ఎవరినైనా డిస్మిస్ చేస్తే, వాడు పెట్టె సర్దుకుని పక్క ఊరి యూనివర్సిటీలో చేరిపోయేవాడు. వాళ్లు ఫీజు వస్తుందని చేర్చుకునేవాళ్లు. స్ట్రిక్ట్‌గా ఉన్నవాడికే నష్టం. కాబట్టి ఎవరూ కదల్లేదు. ఆఖరికి 1654లో రేగెన్స్‌బర్గ్‌లో సామ్రాజ్య సభ దీన్ని నిషేధించింది. 1660లలో యెనా, లైప్‌జిగ్, విట్టెన్‌బర్గ్ లాంటి యూనివర్సిటీలు కూడబలుక్కున్నాయి: ఒకచోట ఈ పని చేసి వెళ్లగొట్టబడ్డవాడిని ఇంకోచోట చేర్చుకోకూడదని. పెన్నలిజం నడుం విరిగింది అప్పుడే.

అన్నిచోట్లా ఇలాగే ఉండేదా అంటే, మన నలందా చూడండి. 7వ శతాబ్దంలో హ్యూయెన్ త్సాంగ్ రాసినదాన్ని బట్టి, గేటు దగ్గరే పండితుడు ప్రశ్నలడిగేవాడు, పదిమందిలో ఏడెనిమిది మంది వెనక్కే. ఎంట్రన్స్ చాలా టఫ్. హ్యూయెన్ త్సాంగ్‌కి మాత్రం ఊరేగింపుతో స్వాగతం చెప్పారు. రోజూ 120 జంబీర పళ్లు, 20 వక్కలు, 20 జాజికాయలు, మహాశాలి బియ్యం ఇచ్చేవారట. అయితే ఆయన అప్పటికే పేరున్న పండితుడు. మామూలు కుర్రాడికి ఈ లెక్కన పళ్లు వచ్చేవని నేను చెప్పను.

ఇక మన దగ్గరికొద్దాం. 1996లో చిదంబరంలోని అన్నామలై యూనివర్సిటీలో ఫస్టియర్ మెడికల్ విద్యార్థి హత్యకు గురయ్యాడు. తమిళనాడు వెంటనే చట్టం తెచ్చింది. 1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ర్యాగింగ్ నిషేధ చట్టం చేసింది. దీన్ని చదవండి, చిన్నదే. ఏడిపించడం, అవమానించడం వంటి వాటికి ఆరు నెలల వరకు జైలు. చెయ్యి చేసుకుంటే ఏడాది వరకు. గాయపరిస్తే, గదిలో బంధిస్తే రెండేళ్ల వరకు. ప్రాణం పోతే, లేదా ఆత్మహత్యకు కారణమైతే యావజ్జీవం దాకా వెళ్తుంది. "సరదాగా అన్నాం సార్" అనేది ఆ మొదటి లైనులోనే పడిపోతుంది.

2009లో హిమాచల్‌లో మరో మెడికల్ విద్యార్థి చనిపోయాక యూజీసీ దేశమంతటికీ రెగ్యులేషన్స్ పెట్టింది. మీరూ మీ అమ్మానాన్నలూ ఆన్‌లైన్‌లో నింపే ఆ అండర్‌టేకింగ్ దాని వల్లే. చదవకుండా టిక్ పెట్టేయకండి. హెల్ప్‌లైన్ 1800-180-5522, ఇప్పుడే సేవ్ చేసుకోండి, 24 గంటలూ పనిచేస్తుంది.

మన 1997 చట్టంలో ఇంకో సెక్షన్ ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. ఫిర్యాదు వచ్చాక కూడా ప్రిన్సిపాల్ చర్య తీసుకోకుండా కూర్చుంటే, ఆయన్ని కూడా ఆ నేరానికి సహకరించినవాడిగానే చూస్తారు. కాబట్టి ఫిర్యాదు నోటితో చెప్పి ఊరుకోకండి. కాగితం మీద రాసి, తేదీ వేసి, ఆఫీసులో ఇచ్చి, ముట్టినట్టు స్టాంపు వేయించుకుని ఒక ఫొటో తీసి పెట్టుకోండి.