తెగులును ముందే పసిగట్టిన ఫిల్ము

కేరళ కొబ్బరి రైతులను తరతరాలుగా ఏడిపించిన జబ్బు వేరు వడలు తెగులు. చెట్టు వెంటనే చావదు. మట్టలు వాలిపోయి, ఏటేటా కాపు తగ్గుతుంది. జబ్బు కంటికి తెలిసేసరికి పక్క చెట్లకూ పాకి ఉంటుంది. పైనుంచి ఫొటో తీద్దామంటే, మామూలు ఫిల్ముకు కూడా కనిపించేది మన కంటికి కనిపించే పచ్చదనమే.

అసలు గుట్టు కంటికి అందని వెలుగులో ఉంది. 1800లో విలియం హెర్షెల్ రంగుల్లో ఏది ఎంత వేడో కొలుస్తూ, ఎరుపు దాటిన చీకటి చోట థర్మామీటరు పెట్టాడు. పాదరసం ఇంకా పైకెక్కింది! పరారుణ కిరణాలు అలా దొరికాయి గాని, వాటిని ఫొటోలో పట్టడం కుదరలేదు. తొలినాటి ఫలకాలకు నీలం తప్ప మిగతా రంగులు సరిగా ఆనేవి కావు. 1873లో హెర్మన్ ఫోగెల్ కొనుక్కొచ్చిన ఫలకాలు ఆకుపచ్చకూ స్పందించాయి. ఎందుకా అని తవ్వితే, వాటిలో కలిపిన రంగే కారణమని తేలింది. అంటే తగిన రంగు కలిపితే ఫలకాలు మిగతా వెలుగులనూ పట్టగలవన్నమాట. అదృష్టమే, కానీ ఆగి ఆలోచించినవాడికి దక్కిన అదృష్టం. 1910లో రాబర్ట్ వుడ్ ప్రచురించిన పరారుణ ఫొటోల్లో ఆకులు మంచులా తెల్లగా వచ్చాయి. ఆరోగ్యంగా ఉన్న ఆకు లోపలి కణాలు ఆ కిరణాలను గట్టిగా వెనక్కి కొడతాయి.

రెండో ప్రపంచ యుద్ధంలో కొడాక్ రంగుల పరారుణ ఫిల్ము తెచ్చింది. పచ్చరంగు పూసి దాచిన ఫిరంగులను నిజమైన చెట్ల నుంచి వేరు చేయడం దాని పని. పసుపు ఫిల్టరు వెనక నుంచి తీస్తే బతికున్న ఆకు ఎర్రగా, పెయింటు నీలంగా వచ్చేవి. ఆ ఫిల్మును చల్లగా దాచాల్సి వచ్చేది, చిమ్మచీకట్లో కెమెరాలోకి ఎక్కించాల్సి వచ్చేది.

కొబ్బరి తెగులును పసిగట్టేందుకు 1969-70లో శాస్త్రవేత్త పి.ఆర్. పిషారటి బృందం ఏరుకున్నది ఈ తరహా ఫిల్మునే. తెలుపు-నలుపు పరారుణ ఫిల్ములో వెలుగు హెచ్చుతగ్గులే తెలుస్తాయి. ఇక్కడ రంగే మారిపోతుంది. హాసెల్‌బ్లాడ్ కెమెరాతో హెలికాప్టరెక్కి కొబ్బరి తోటల మీదుగా తీశారు. బాగున్న చెట్లు ఎర్రగా మెరిశాయి, జబ్బు చెట్లలో ఆ ఎరుపు తగ్గింది. కింద నిలబడి చూస్తే ఇంకా తెలియని జబ్బు సైతం ఫిల్ములో బయటపడింది. నా దృష్టిలో మన దేశపు రిమోట్ సెన్సింగ్‌కు అసలైన పునాది ఆ తోటల్లోనే పడింది.

తర్వాత హైదరాబాదులో జాతీయ రిమోట్ సెన్సింగ్ సంస్థ వెలిసింది. 1988 మార్చి 17న ఐఆర్‌ఎస్-1ఎ ఉపగ్రహం కక్ష్య చేరింది. దాంట్లో ఫిల్ము లేదు, సెన్సర్లే ఉన్నాయి. అయినా ఆ చిత్రాల్లో పైర్లకు శాస్త్రవేత్తలు వేసే రంగు కొడాక్ ఫిల్ము నేర్పిన ఎరుపే.