ఫిసల్‌బండ టెలిస్కోప్: పని కొండంత, మనుషులు కొందరే

పాతబస్తీ అనగానే మనకు చార్మినార్, బిర్యానీ, ఇరానీ చాయ్ గుర్తొస్తాయి. అదే పాతబస్తీలోని ఫిసల్‌బండలో 1901లో నవాబ్ జఫర్ జంగ్ సొంత డబ్బుతో 15 అంగుళాల టెలిస్కోప్ కొని అబ్జర్వేటరీ మొదలుపెట్టారు. పేరు నిజామియా. 1908లో నిజాం ప్రభుత్వం దాన్ని తీసుకుంది, తర్వాత బేగంపేటకు మార్చింది.

అసలు కథ అక్కడే. 1887లో పారిస్‌లో ఒక ప్లాన్ వేశారు: ప్రపంచంలోని అబ్జర్వేటరీలు ఆకాశాన్ని పట్టీలుగా పంచుకుని మొత్తం ఫొటో తీయాలి. చిలీలోని శాంటియాగోకు ఇచ్చిన మైనస్ 17 నుంచి మైనస్ 23 డిగ్రీల పట్టీ అక్కడ ముందుకు సాగలేదు. అది మన హైదరాబాద్‌కి వచ్చింది.

పనేంటో తెలుసా? గాజు పలక మీద ఫొటో తీయాలి. మైక్రోస్కోప్‌లో ఒక్కో చుక్కనీ చూసి, అది ఎక్కడుందో అంకెల్లో రాయాలి. ఆటోమేషన్ లేదు, కాపీ-పేస్ట్ లేదు. అలా ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాలు! మధ్యలో, 1918లో, డైరెక్టర్ పోకాక్ చనిపోయారు. బాధ్యతంతా టి.పి. భాస్కరన్ మీద పడింది.

మరి ఇంత పనికి కొత్తవాళ్లను ఎక్కణ్ణుంచి తేవాలి? వాటికన్ వాళ్లు నలుగురు నన్‌లకు కొలవడం నేర్పించారు. వాళ్లు 1910 నుంచి 1921 దాకా కూర్చుని 4,81,215 నక్షత్రాలు కొలిచారు. డిగ్రీ కాదు, ఓపిక ఉందా లేదా అన్నదే చూశారన్నమాట. నాకైతే ఇది సూపర్ ఐడియా అనిపిస్తుంది.

మన దగ్గర 1919లోనే అబ్జర్వేటరీ ఉస్మానియా యూనివర్సిటీ చేతికి వచ్చింది. కానీ ఆస్ట్రానమీ డిపార్ట్‌మెంట్ పెట్టింది 1959లో. నలభై ఏళ్లు! టెలిస్కోప్ ఉంది, పని ఉంది, పక్కనే స్టూడెంట్స్ ఉన్నారు, కోర్సు మాత్రం లేదు. ఇది నాకు మింగుడు పడదు.

అయినా ఒక కుర్రాడు వచ్చాడు. కోర్సు దారిలో కాదు, ఇంటి దారిలో. వాళ్ల నాన్న ఈ అబ్జర్వేటరీలోనే ఉద్యోగి. నిజాం కాలేజీలో చదువుతూనే మారే వెలుగున్న నక్షత్రాల మీద పేపర్లు రాశాడు. హైదరాబాద్ సంస్థానం స్కాలర్‌షిప్‌తో హార్వర్డ్ వెళ్లి, 1949లో కొత్త తోకచుక్కను పట్టాడు. ఆయనే వేణు బప్పు.

తిరిగొచ్చాక ఆయన పని చేసింది నైనిటాల్‌లో, కొడైకెనాల్‌లో. నాన్న పని చేసిన బేగంపేటలో కాదు.