కోరంగి రేవు కథ

కాకినాడ నుండి యానాం పోవు దారిలో, గోదావరి పాయ ఒకటి సముద్రమును సమీపించుచోట, కోరంగి అను గ్రామము కలదు. యాత్రికులు ఇచ్చటికి మడ అడవులను చూచుటకు వత్తురు. చెక్కల వంతెనపై నడచుచు, బురదలో నుండి పైకి లేచిన శ్వాసవేళ్లను, నీటిపక్షులను చూచి ఆనందింతురు. ఒకప్పుడు ఇది ఓడలతో నిండిన రేవు అని, దానిని మూసివేసినది ఈ బురదయే అని చాలమందికి తెలియదు.

18వ శతాబ్దములోను, 19వ శతాబ్దపు తొలి భాగములోను కోరంగి తూర్పు తీరమున పేరొందిన రేవులలో ఒకటి. ఓడలు నదిలోనికి వచ్చి అలల తాకిడి లేకుండ నిలువగలిగెడివి. ఓడలు కట్టు వడ్రంగులకు ఈ ప్రాంతము ప్రసిద్ధి. 1802లో ఓడలను మరమ్మతు చేయుటకు ఇచ్చట ఒక డాకు నిర్మింపబడినది. ఈ రేవు నుండి ఓడలు బర్మాకు పోయెడివి. కనుకనే బర్మాలో తెలుగువారిని, వారు ఏ జిల్లా వారైనను, ‘కొరంగీలు’ అని పిలిచెడివారు. పొరుగున ఉన్న తాళ్లరేవు గ్రామము పేరులో ‘రేవు’ అను మాట నేటికిని నిలిచియున్నది.

ఈ రేవును 1789 డిసెంబరులో ఒకసారి, 1839 నవంబరులో మరొకసారి ఉప్పెనలు ముంచివేసినవి. మొదటిసారి మూడు పెద్ద అలలు ఒకదాని వెనుక ఒకటి వచ్చినవని ఆనాటి కథనము. ఉప్పెన ఎట్లు వచ్చును? తుపాను నడిమి భాగమున వాయుపీడనము తక్కువగుటచే సముద్రము కొంత ఉబ్బును. అంతకంటె ముఖ్యముగా, పెనుగాలి నీటిని ఒడ్డువైపు నెట్టును. లోతుగల చోట ఆ నీరు అడుగు నుండి వెనుకకు మరలిపోవును. మెరకగా ఉన్నచోట అట్లు పోవుటకు చాలినంత దారి లేక పైకి లేచి ఊళ్లపై పడును. గోదావరి తెచ్చిన మట్టిచే కోరంగి ఎదుటి సముద్రము మెరకయై యున్నది.

కలకత్తాలో ఉండి గాలివానలను పరిశోధించిన హెన్రీ పిడింగ్టన్ కోరంగి ఉప్పెనలను గూర్చియు వ్రాసెను. సుడి తిరుగు గాలివానకు ‘సైక్లోన్’ అను పేరు పెట్టినవాడు ఇతడే. పాము చుట్టను తలపించు గ్రీకు మాట నుండి ఈ పేరును కల్పించి, 1848లో నావికుల కొరకు వ్రాసిన గ్రంథములో ప్రతిపాదించెను.

ఉప్పెన కొట్టిన ఊరు మరల లేవవచ్చును. పూడిన రేవు లేచుట కష్టము. నది సముద్రమును చేరగనే వేగము తగ్గి మోసికొనివచ్చిన ఒండ్రును విడుచును. ఉప్పునీరు తగిలిన సన్నని మట్టిరేణువులు ఒకదానికొకటి అంటుకొని త్వరగా అడుగునకు దిగును. మడచెట్ల వేళ్లు ఆ మట్టిని పట్టి నిలుపును. ఇట్లు కాలువల లోతు తగ్గి, పెద్ద ఓడలు కోరంగికి రాలేకపోయినవి.

అదే గోదావరి మట్టి కాకినాడకు మేలు చేసినది. నైరుతి ఋతుపవన కాలపు అలలు ఇసుకను ఉత్తరముగా జరుపుటచే, సుమారు 16 కిలోమీటర్ల పొడవున హోప్ దీవి అను ఇసుకదిబ్బ ఏర్పడినది. దాని చాటున కాకినాడ అఖాతము నెమ్మదించినది. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిదప కాలువలపై పడవలలో సరుకు కాకినాడ చేరెను. 1861-65 నాటి అమెరికా అంతర్యుద్ధకాలమున ప్రత్తి ఎగుమతి పెరిగెను. అయినను పెద్ద ఓడలు దూరముగా లంగరు వేయగా, చిన్న నావలే సరుకును ఒడ్డునకు చేర్చెడివి. లోతునీటి రేవు 1997లో గాని రాలేదు.

నేడు కాకినాడకు ఉత్తరమున ఉప్పాడ తీరము కోతకు గురియగుచున్నది. ఉత్తరముగా పోవలసిన ఇసుకను హోప్ దీవి ఆపివేయుట అందుకొక కారణము. కోరంగిలో మట్టి ఎక్కువై రేవు పోయినది. ఉప్పాడలో ఇసుక తక్కువై ఇండ్లు పోవుచున్నవి. కోరంగిని చూడవచ్చినవారు కొంచెము శ్రమపడి ఉప్పాడ వరకు పోయిన, ఈ కథలోని రెండు అంచులను ఒకే దినమున చూడవచ్చును.